ఒక మీసానికి పది వెంట్రుకలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ పూట తిన్నది నాకు అరగకూడదు.

పూర్వం ఒక రాజధానిలో బుచ్చిలింగం వేపచెట్టు కింద క్షవరాలు చేసుకుని బతికేవాడు. ఆ నీడలో ఏడూళ్ల జనం ఒకేసారి కునుకు తీసేవారు. రహదారుల అధికారి దండపాణి బాట వెడల్పు చేయాలని దాన్ని కాస్తా కొట్టించేశాడు.

"ఏడవకురా, చెట్టుకు బదులు పది మొక్కలు నాటించాను," అన్నాడు బుచ్చిలింగంతో.

"ఎక్కడ దొరా?"

"ఉన్నాయిలే."

ఆ "ఉన్నాయిలే" బుచ్చిలింగానికి మింగుడుపడలేదు. నిజంగా నాటినవాడు చెయ్యి చాచి చూపించడూ? వెతుక్కుంటూ వెళ్తే, మూడు కోసుల అవతల బండల మధ్య పది ఎండుపుల్లలు కనిపించాయి.

మర్నాడు దండపాణి గడ్డం గీయమని పిలిపించాడు. ఆయన మీసం ఎంత పొడవంటే, ఈ కొసన కాకి అరిస్తే ఆ కొసనున్న కాకికి వినపడదు. బుచ్చిలింగం కుడిమీసం సాంతం గొరిగేశాడు.

దండపాణి కేకకు పక్కరాజ్యం కోటగోడ బీటలు వారింది. వాణ్ణి రాజు ముందుకు ఈడ్చుకెళ్లాడు.

"ఎందుకు తీశావురా?" అన్నాడు రాజు.

"కత్తికి దారి ఇరుకైంది ప్రభూ. ఊరికే తీయలేదు, బదులుగా దొరగారి వీపున పది వెంట్రుకలు పెంచుతున్నాను."

"వీపున పెరిగితే నా మొహానికేం లాభంరా?" అని దండపాణి గుడ్లురిమాడు.

"మూడు కోసుల అవతల నాటితే నా నెత్తికేం లాభం దొరా?"

రాజు చెట్టు సంగతంతా విని, పొట్ట పట్టుకు నవ్వి, పాతచోటనే వేపమొక్క నాటించాడు. అది నీడనిచ్చేదాకా బుచ్చిలింగానికి దండపాణే గొడుగు పట్టాలన్నాడు. ఇప్పటికీ పడుతూనే ఉన్నాడు.

నమ్మవు కదూ? సరే, ఆ చెంబు తీసుకెళ్లి, సందు చివర రోడ్డువాళ్లు నాటి మరిచిపోయిన మొక్కకు నీళ్లు పోసి రా.