తేనెటీగలు కప్పిన జెట్టి

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా ఇంకా మీసాలు మొలవని కాలంలో, పెనుమడుగు అనే రాజ్యంలో తిప్పన అనే జెట్టి ఉండేవాడు.

రాజుగారి గోదాలో అతణ్ణి మట్టి కరిపించినవాడు లేడు. ఒక్క పిడిగుద్దుతో కొబ్బరికాయను ముక్కలు చేసేవాడు. అయితే ఎంత బలమో అంత కోపం. ఎవరైనా ఒక మాట అంటే రెండు దెబ్బలు వేసేవాడు.

ఒకనాడు కుస్తీ గెలిచి నిలబడితే, దండ వేయబోయిన ముసలి తోటమాలి చేతిలో ఆ దండ కాస్తా పుటుక్కున తెగింది. జనం గొల్లుమన్నారు. తిప్పన ఆ ముసలాయనను ఒక్క తోపు తోశాడు. ఆయన స్తంభానికి కొట్టుకుని పడి, మూడు నెలలు మంచం దిగలేదు.

తోసేశాక గానీ తాను తోశానని తిప్పనకు తెలియలేదు. ఆ సంగతే అతణ్ణి భయపెట్టింది. పులిని చూసి బెదరనివాడు తన చేతిని చూసుకుని బెదిరాడు.

గోదా విడిచాడు. గుండ్లకొండ మీద తపస్సు చేసుకుంటూ, రోగులకు మందులిచ్చే మాచమ్మవ్వ దగ్గరికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు.

“అమ్మా, నా చెయ్యి నా మాట వినడం లేదు. ఏదైనా మంత్రం ఉపదేశించు.”

అవ్వ పిడికెడంత మనిషి. తలెత్తి అతణ్ణి పాదాల నుంచి నెత్తి దాకా చూసింది.

“మంత్రానికేం తొందర నాయనా! ముందు ఊళ్ళోకి వెళ్ళి భిక్ష పట్టుకురా,” అంది.

తిప్పన జోలె తగిలించుకుని వెళ్ళాడు. మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి అతణ్ణి చూసి పకపకా నవ్వాడు.

“దున్నపోతులా ఉన్నావు. అడుక్కోవడానికి సిగ్గు లేదూ?”

అంతే. ఆ మాట గాలిలో ఉండగానే తిప్పన కాలు లేచింది. వీధి తలుపు ఫెళ్ళున విరిగి లోపల పడింది. ఇంట్లో పిల్లలు కెవ్వుమన్నారు.

ఖాళీ జోలెతో తిరిగి వచ్చిన శిష్యుణ్ణి అవ్వ తిట్టలేదు. “తలుపు లేని ఇంట్లో పిల్లలెలా నిద్రపోతారు? వెళ్ళి చేసిపెట్టిరా,” అంది.

తిప్పనకు వడ్రంగం రాదు. ఊళ్ళో వడ్రంగి దగ్గర నేర్చుకుంటూ, వేళ్ళు నలగ్గొట్టుకుంటూ, పన్నెండు రోజులకు తలుపు నిలబెట్టాడు. ఒక్క తన్నుకు విరిగింది తిరిగి నిలవడానికి పన్నెండు రోజులు! ఆ లెక్క అతని మనసులో నాటుకుంది.

“ఇప్పుడు చెబుతావా అమ్మా, మంత్రం?”

“ఇప్పుడు కాదు.”

ఏడాది గడిచింది. తిప్పన నీళ్ళు మోశాడు, మందాకులు నూరాడు. ఒకనాడు పొద్దున్నే పాత గోదా నుంచి నలుగురు జెట్టీలు కొండెక్కి వచ్చారు. వాళ్ళలో బొమ్మడనే కుర్ర జెట్టి తొడ చరిచి నిలబడ్డాడు.

“ఏం తిప్పనా! నాకు భయపడి అవ్వ కొంగు చాటున దాక్కున్నావట. గాజులు తేనా?”

తిప్పన చేతులు జోడించాడు. అలాగే నిలబడ్డాడు. వాళ్ళు కాసేపు ఎగతాళి చేసి, విసుగెత్తి దిగిపోయారు.

ఆ సాయంత్రం తిప్పన అన్నం ముట్టలేదు. గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక మోపు, రెండు మోపులు, మూడు మోపులు. పొయ్యిలోకి నెలకు సరిపడా కట్టెలు చీలిపోయాయి. అవ్వ వచ్చి పక్కన నిలబడింది.

“ఎవరిని కొడుతున్నావు నాయనా?”

తిప్పన గొడ్డలి ఆగిపోయింది. ప్రతి మొద్దు మీదా అతనికి బొమ్మడి ముఖమే కనిపించింది మరి!

“చెయ్యి ఆగింది, మంచిదే,” అంది అవ్వ. “లోపల మాత్రం పొద్దుట్నుంచీ వాణ్ణి కొడుతూనే ఉన్నావు. మంత్రానికి ఇంకా వేళ కాలేదు.”

తిప్పనకు కన్నీళ్ళు వచ్చాయి. కొట్టకుండా ఉండడమే గొప్ప అనుకున్నాడు. దాని అవతల ఇంకొకటి ఉందా? అదేమిటో అతనికి అందలేదు. అయినా కొండ దిగిపోలేదు.

మరో రెండేళ్ళు గడిచాయి. అవ్వకు మోకాళ్ళు పట్టేశాయి. చైత్రమాసంలో ఒకరోజు, కొండ అవతల గొర్రెల కాపరికి జబ్బు చేసిందని కబురొచ్చింది. తిప్పన అవ్వను వీపున ఎక్కించుకుని తెల్లవారుతూనే బయలుదేరాడు.

దారి అడుగు వెడల్పు. ఒక పక్క నిట్టనిలువు బండ, మరో పక్క లోయ. సగం దూరం వెళ్ళారో లేదో, ఎక్కడినుంచో పెద్ద హోరు వినిపించింది. ఆకాశంలో నల్లటి మబ్బు ఒకటి వంకర్లు తిరుగుతూ వస్తోంది. మబ్బు కాదు, కొత్త చోటు వెతుక్కుంటూ బయలుదేరిన తేనెటీగల దండు!

అలసిన ఆ దండు వచ్చి తిప్పన మీదే వాలింది.

ముందు భుజం, తరువాత ఛాతీ, ఆ తరువాత ముఖం. కొన్ని వేల కాళ్ళు అతని ఒంటి మీద నడుస్తున్నాయి. వేడి ఊపిరిలా రెక్కల గాలి తగులుతోంది. రెండు చేతులూ వెనుక అవ్వను పట్టుకుని ఉన్నాయి. చెయ్యి విదిలిస్తే అవ్వ లోయలో పడుతుంది. ఒక్క ఈగను నలిపినా దండంతా లేస్తుంది.

ఒకటి మెడ మీద కుట్టింది. నిప్పు పెట్టినట్టయింది. తిప్పన కదలలేదు.

ఒకటి చెవి మీద కుట్టింది. పంటి బిగువున నిలబడ్డాడు.

మూడోది కంటి రెప్ప మీదే కుట్టింది. ఆ కంటితోనే రెప్పల సందులోంచి చూశాడు. కుట్టిన ఈగ ముల్లు వదిలి, అతని ఛాతీ మీదికి జారి, గిలగిల తన్నుకుని చచ్చిపోయింది.

“అయ్యో! నన్ను బాధపెట్టడానికి నీ ప్రాణమే ఇచ్చేశావా?” అనుకున్నాడు తిప్పన.

ఆ క్షణాన లోపల బిగిసినదేదో వదిలిపోయింది. నొప్పి ఉంది. పగ లేదు. పళ్ళు బిగించాల్సిన పనే లేకపోయింది. అప్పుడు విన్నాడు ఆ నాదాన్ని. వేల రెక్కల నాదం. అది చెవిలో మోగి, ఎముకల్లోకి దిగి, కాళ్ళ కింది కొండలోకి పాకింది. కొండ పాడుతోందో, తాను పాడుతున్నాడో తెలియలేదు. తానెక్కడ ముగుస్తాడో, లోకమెక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఎంతసేపు అలా నిలబడ్డాడో అతనికే తెలియదు.

ఎండ ఎక్కింది. తెర ఎత్తినట్టు దండు ఒక్కసారిగా లేచింది. బంగారు పొడిలా మెరుస్తూ, లోయ దాటి వెళ్ళిపోయింది.

వీపు మీది అవ్వ కన్నీళ్ళు అతని మెడ మీద చల్లగా జారాయి.

“విన్నావా నాయనా?”

“విన్నానమ్మా.”

“మా గురువు నాకు ఉపదేశించిందీ ఆ నాదమే. అంతకు మించిన మంత్రం నా దగ్గర లేదు. ఇక పద, జబ్బు మనిషి కాచుకుని ఉంటాడు.”

వాచిన ముఖంతో, చెదరని అడుగుతో తిప్పన ముందుకు నడిచాడు.

పిల్లలూ, చెయ్యి ఒక్కటే ఆపుకుంటే అది అణచుకున్న కోపమే. మనల్ని కుట్టినవాడి మీద జాలి పుట్టిన నాడే అది ఓర్పు అవుతుంది.