గుట్టు సంఖ్య

మస్తాన్‌వలికి మూడు వారాలుగా కంటి మీద కునుకు లేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. నాలుగేళ్ల పరిశోధన ముగించినవాడు స్వీట్లు పంచాలి గాని ఇలా బిక్కచచ్చి తిరగడమేమిటని తోటివాళ్లు ఆటపట్టించారు. వాడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

వాడి పని కృష్ణబిలాల మీద. రెండు కృష్ణబిలాలు ఢీకొని ఒకటైనప్పుడు, కొట్టిన గంట కాసేపు మోగి ఆగినట్టు, కొత్తగా పుట్టిన బిలం కంపించి సద్దుమణుగుతుంది. ఆ కంపనం అలలుగా మన భూమిదాకా వస్తుంది. అది ఐన్‌స్టైన్ లెక్కల ప్రకారమే సద్దుమణుగుతోందా లేదా అన్నది వాడు తేల్చాలి. ఆయన మాట నిజమైతే జవాబుగా సరిగ్గా ఒకటి అనే అంకె రావాలి.

వాడి గురువు అలివేలు మేడమ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ శిష్యుడి జవాబుకైనా ఆవిడ ముందే ఒక గుట్టు సంఖ్య కలిపేస్తుంది. దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బీరువాలో వేసి తాళం పెడుతుంది. ఇక ఒక్క అంకె కూడా మార్చనని శిష్యుడు సంతకం చేశాకే కవరు విప్పి, ఆ సంఖ్య తీసేసి, అసలు జవాబు అందరి ముందూ చూస్తారు. కోరుకున్న జవాబు వైపు మనసు లాగకుండా ఉండటానికే ఇదంతా.

మూడు వారాల కిందట మేడమ్ ఊళ్లో లేదు. తాళంచెవి ఆవిడ బల్ల సొరుగులో కనబడింది. మస్తాన్‌వలి కవరు విప్పి చూశాడు. చూసి, మళ్లీ అంటించి పెట్టాడు.

ఆ సంఖ్య తీసేస్తే వచ్చింది ఒకటి కాదు. ఒకటీ పాయింటు మూడు.

ఐన్‌స్టైన్ తప్పని చెప్పడానికి తానెవడు? లోకమంతా నవ్వదూ? ఆ రోజునుంచి తన లెక్కలో తప్పులు వెతికాడు. దొరికాయి కూడా. అంత భయంతో వెతికేవాడికి దొరకకపోవడమా! దిద్దుకుంటూ పోతే తొమ్మిదో దిద్దుబాటుకి జవాబు బుద్ధిగా ఒకటి దగ్గరికి వచ్చి కూర్చుంది. అక్కడితో దిద్దడం ఆపాడు. భయం మాత్రం ఆగలేదు.

కవరు విప్పే రోజు రానే వచ్చింది. పదకొండింటికి విప్పాలి. పదిన్నరకే మేడమ్ పిలిచింది. ఆవిడ చేతిలో వాడి దిద్దుబాట్ల జాబితా ఉంది.

"తొమ్మిదికి తొమ్మిదీ జవాబును కిందికే దించాయే, నాయనా," అంది మామూలుగా.

"అన్నీ నిజమైన తప్పులే మేడమ్."

ఆవిడ బీరువా తాళంచెవికి ఒక దారం కట్టి, దారం కొస వాడి చేతికిచ్చింది.

"ఊగకుండా నిలబెట్టు."

తాళంచెవి అటు ఊగితే చెయ్యి ఇటు జరిపాడు. అది ఇంకాస్త ఊగింది. మళ్లీ సర్దాడు, మళ్లీ ఊగింది. చొక్కా చెమటకి తడిసిపోయింది. వరండాలో అడుగుల చప్పుడు, నవ్వులు. కవరు విప్పడం చూడటానికి అందరూ వచ్చేస్తున్నారు.

"నిలవడం లేదు మేడమ్."

"నువ్వు సర్దడం మానితేగా."

వాడు మోచెయ్యి బల్లకు ఆనించి ఊరుకున్నాడు. ఊపు తగ్గింది. కాసేపటికి తాళంచెవి దానంతటదే నిట్టనిలువుగా నిలిచింది. దాన్ని చూస్తుంటే వాడికి ఏడుపొచ్చింది.

"కవరు విప్పి చూశాను మేడమ్. మొదట వచ్చింది..."

ఆవిడ గబుక్కున చెయ్యెత్తింది. "చెప్పకు. నేను వినకూడదు."

తలుపు తీసి, ఈ రోజు కవరు విప్పడం లేదని బయటివాళ్లకు చెప్పి పంపేసింది. బీరువాలోంచి కవరు తీసి, విప్పకుండానే ముక్కలు చేసింది.

"మొన్న కొత్తగా నమోదైన అలలున్నాయి. వాటిని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. వాటితో మొదటినుంచీ చెయ్యి."

"ఏడాది పడుతుంది మేడమ్."

"పడుతుంది."

వాడికి కనబడకుండా తిరిగి కూర్చుని, ఇంకో కాగితం మీద కొత్త సంఖ్య రాసింది. కవరులో పెట్టి అంటించి, బీరువాలో వేసి, వాడి చేతే తాళం వేయించింది. మస్తాన్‌వలి తాళంచెవి తిరిగివ్వబోయాడు. ఆవిడ చెయ్యి చాచలేదు.

"ఈసారి అది నీ దగ్గరే ఉండనీ."

ఆ మూడు వారాల్లో ఎన్నడూ వెయ్యనంత భయం వేసింది వాడికి. తాళంచెవి జేబులో వేసుకుని, వెళ్లి పని మొదలుపెట్టాడు.