మూడు వద్దుల మర్యాద

అయిదుగురు వెళ్లారు. అయిదుగురూ ఆకలితో తిరిగివచ్చారు. తేవలసిన పొట్టేళ్లు ఒక్కటీ రాలేదు.

గొంగళ్లకు పేరుపడిన ఒక చిన్న రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ఏలేవాడు రణమల్ల భూపతి. ఆ రాజ్యపు గొంగళ్లు గట్టివే గానీ ఒంటికి గుచ్చుకునేవి. మెత్తని ఉన్ని ఇచ్చే గొర్రెలు న్యూజిలాండులో ఉన్నాయని ఓడవాళ్లు చెప్పారు. సముద్రాలకు ఆ చివరన ఉన్న దేశం, అక్కడ మాట్లాడేది ఇంగ్లీషు. ఇక రాజుగారికి నిలకడ లేదు. కోటలోనే ఒక బడి పెట్టించి, అయిదుగురు గొర్రెల కాపరులను కూర్చోబెట్టి, మంగతాయారును పంతులమ్మను చేశాడు.

మంగతాయారు ఆ దేశంలో ఒక గొర్రెల కామందు ఇంట ఆరేళ్లు వంట చేసి వచ్చిన మనిషి. మనకు వడగాడ్పులు కొట్టే నెలల్లో వాళ్లు చలికి మంట వేసుకుంటారని చెప్పింది. ఇంట్లోకి ఎండ ఉత్తరపు కిటికీలోంచి వస్తుందని, మనుషుల కంటే గొర్రెలే ఎక్కువని చెప్పింది. పలకరింపులు, బేరాలు, గొర్రెల రోగాల పేర్లు అన్నీ నేర్పింది. ఏడాది తిరిగేసరికి కాపరులు తడుముకోకుండా మాట్లాడారు. ఓడ ఎక్కారు.

తిరిగివచ్చాక కొలువులో నిలబెట్టి అడిగితే, వాళ్లలో పెద్దవాడు బీరప్ప నేల చూస్తూ చెప్పాడు. భాషకు ఏ ఇబ్బందీ రాలేదట. కామందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, మాంసం కావాలా అని అడిగాడట. అడగ్గానే అవునంటే ఏం బాగుంటుందని వద్దన్నారట. సరేనని పళ్లెం తీసేశాడట. రొట్టెకూ అంతే, పాలకూ అంతే. వెంట తెచ్చుకున్న అటుకులతోనే పద్దెనిమిది రోజులు గడిచాయి. చివరికి ఆ కామందు, మీ గొంగళ్లు నచ్చాయి, బదులుగా ముప్పై పొట్టేళ్లు తీసుకుపోతారా అన్నాడట.

"మీరేమన్నారు?" అన్నాడు రాజు.

"మీకెందుకండీ శ్రమ అన్నాం ప్రభూ. ఆయన పొట్టేళ్లను మళ్లీ దొడ్లోకి తోలేశాడు."

కొలువంతా నవ్వింది. మంగతాయారు నవ్వలేదు. ఆ దేశంలో మొదటి వారం తనూ కడుపు మాడ్చుకుని పడుకుంది. తరవాత అలవాటై ఆ సంగతే మరిచిపోయింది. అన్నీ నేర్పి ఆ ఒక్కటీ నేర్పలేదు. తప్పు నాదే ప్రభూ అని పైకే చెప్పింది.

రాజుగారు వినే స్థితిలో లేడు. సింహాసనం మీద కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ దాకా వెళ్లి వస్తాడు. ఓడ మళ్లీ పదహారు రోజుల్లో బయలుదేరుతుంది. అది తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. ఆస్థాన పండితుడు శబ్దవారిధి సోమనాథశాస్త్రికి సందు దొరికింది. వీళ్లకు మాటలు చాలక ఇలా జరిగిందని, తన దగ్గర మూడు వేల ఇంగ్లీషు మాటలు అకారాదిగా ఉన్నాయని, బడి తనకిస్తే కొత్తగా అయిదుగురితో అవన్నీ వల్లె వేయిస్తానని విన్నవించాడు. శాస్త్రి సముద్రం చూసింది కూడా లేదు. రాజు తల ఊపాడు. బీరప్ప వాళ్లు మందల దగ్గరికి పోవాలి, మంగతాయారు తాళాలు అప్పగించాలి.

కొత్త అయిదుగురూ ఆకలితోనే తిరిగివస్తారని ఆమెకు తెలుసు. తాళాల గుత్తి బొడ్లోంచి తీయలేదు.

"ప్రభూ, వీళ్లకు మాటలు చాలాయి. కావాలి అనడానికే నోరు రాలేదు."

"కావాలి అనడానికి నోరు రాకపోవడమేమిటి?" అన్నాడు రాజు. "ఇదేమన్నా వేదమా?"

"ప్రభువులకైనా రాదు."

ఆ రాజ్యంలో మూడు వద్దుల మర్యాద తాతల నాటిది. ఏది వడ్డించబోయినా మూడుసార్లు వద్దనాలి. నాలుగోసారికి, మీరింతగా అంటుంటే సరే అని ఒప్పుకోవాలి. రాజుగారి వద్దులు మరీ గంభీరంగా ఉంటాయని పేరు. అయినా ఆయనకు పౌరుషం వచ్చింది. ఎప్పుడైనా, ఎక్కడైనా అనగలనన్నాడు.

మంగతాయారు పందెం చెప్పింది. ఒక్క భోజనం. ఆ దేశపు పద్ధతిలో ప్రతిదీ ఒక్కసారే అడుగుతారు. వద్దంటే ఆ వంటకం ఇక తిరిగి రాదు. రాజుగారు కడుపునిండా తిని లేస్తే ఆమె తాళాలిచ్చి పోతుంది. లేకపోతే బడి జోలికి ఎవరూ రాకూడదు. రోజు మాత్రం ఆమే చెబుతుంది. రాజు ఒప్పుకున్నాడు.

ఆ మర్నాటి నుంచీ రాజుగారు పొద్దున ఫలహారం దగ్గర ఒంటరిగా సాధన మొదలుపెట్టాడు. గారెలు వేయమంటారా అంటే వెయ్యి, తేనె పోయమంటారా అంటే పొయ్యి. నాలుగు రోజులు గడిచాయి. తాను ఎప్పుడో గెలిచేశానని ఆమెకు కబురు పంపాడు. శాస్త్రి బడికి వచ్చి, కిటికీలకు కొత్త రంగు ఏది బాగుంటుందా అని చూసిపోయాడు. బీరప్ప రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, ఎప్పుడమ్మా అని అడిగేవాడు. ఆమె వరండాలో ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూ, ఇంకా కాదు అనేది. ఓడకు పదకొండు రోజులే మిగిలాయి.

అయిదో రోజున పొరుగు రాజు బసవరాజు వచ్చాడు. రణమల్ల భూపతి తన కూతురిని ఆయన కొడుక్కిచ్చి అప్పటికి నెల తిరగలేదు. వియ్యంకుడు కోట గుమ్మంలో పల్లకి దిగుతుండగానే మంగతాయారు లోపలికి కబురంపింది: ఇవాళే.

పంక్తిలో వియ్యంకులిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బసవరాజుకు పందెం సంగతి తెలియదు. ఆయన వెనక పాత వడ్డనవాళ్లు, రాజుగారి వెనక మంగతాయారు మనుషులు.

పులిహోర వచ్చింది. బసవరాజు రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి, "అబ్బే, వద్దొద్దు" అన్నాడు. మూడుసార్లు బతిమాలించుకుని వేయించుకున్నాడు. తరవాత రాజుగారి వంతు. వేయమంటారా ప్రభూ అని అడిగారు. రాజు నోరు తెరిచాడు. మగపెళ్లివారు అంతలా వద్దన్నాక ఆడపిల్ల తండ్రి ఎగబడి వెయ్యమంటాడా? ఆయన చేతులు వాటంతట అవే విస్తరి మీదికి వెళ్లాయి.

"వద్దు."

పులిహోర ముందుకు వెళ్లిపోయింది. పప్పు వచ్చింది, వెళ్లింది. గుత్తివంకాయ వచ్చింది, వెళ్లింది. బొబ్బట్లు నేతిలో తేలుతూ వచ్చినప్పుడు దూరాన శాస్త్రి గట్టిగా దగ్గాడు. రాజు శాస్త్రిని చూశాడు, బొబ్బట్లను చూశాడు, వియ్యంకుడిని చూశాడు. కాలు అటు మడిచి, ఇటు మడిచి, చివరికి మళ్లీ వద్దన్నాడు. ఆయన విస్తట్లో మిగిలింది అడక్కుండా వేసిన ఉప్పు.

బసవరాజు నాలుగో బొబ్బట్టు తుంచుతూ పక్కకు చూశాడు. "బావగారూ, ఇవాళ ఉపవాసమా?"

అప్పుడు మంగతాయారే అన్నం పళ్లెంతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"శాస్త్రిగారి మూడు వేల మాటల్లో ఏ మాట తక్కువైంది ప్రభూ?"

రాజు ఖాళీ విస్తరిని చూశాడు. పద్దెనిమిది రోజులు అనుకున్నాడు కాబోలు, బీరప్ప నిలబడ్డ గుమ్మం వైపు ఒకసారి తల తిప్పాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎందుకు నవ్వుతున్నాడో చెప్పేసరికి బసవరాజుకు పొలమారింది.

"వెయ్యమ్మా," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుని. "పోయినవన్నీ వెనక్కి పిలిచి వెయ్యి."

సాయంత్రం కొలువులో, బడి నీదే తాయారమ్మా, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ప్రభువుల దయ చాలు అంటుందని సభంతా చూసింది. శాస్త్రి మెచ్చుకోలుగా తల ఊపడానికి సిద్ధమయ్యాడు.

"కావాలి," అంది మంగతాయారు. "ఈ ఓడలో బీరప్ప వాళ్లే వెళ్లాలి. వెళ్లేదాకా వాళ్ల భోజనం నా బళ్లో, నా పద్ధతిలో."

"ఇచ్చాను. పట్టుచీర?"

"ఇవ్వండి."

"బంగారు కడియం?"

"ఇవ్వండి."

"ఇంకా…" అని రాజు ఆగిపోయి, చేతులు రెండూ ఎత్తేశాడు. "ఇక అడగను. అడిగితే కోట కూడా మిగిలేలా లేదు." సభ నవ్విన నవ్వు కోట గుమ్మం దాకా వినిపించింది.

పదకొండు రోజుల్లో మొదటి మూడూ కాపరులు ఆకలితోనే లేచారు. నాలుగో రోజు బీరప్ప కళ్లు గట్టిగా మూసుకుని, కావాలి అన్నాడు. ఏడాదికి ఓడ తిరిగివచ్చింది. ముప్పై పొట్టేళ్లు దిగాయి. వాటి వెనక బీరప్ప దిగాడు, కాస్త ఒళ్లుచేసి.

మంగతాయారు ఆ విందు రోజునే ఒక నిర్ణయం తీసుకుంది. ఇక తన ఇంట ఎవరినైనా ఒక్కసారే అడుగుతుంది. పొగరు అన్నవాళ్లు అన్నారు, రాకపోకలు మానినవాళ్లు మానారు. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం సోమనాథశాస్త్రి చెమటలు కక్కుతూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగుతారా అని అడిగింది.

"అబ్బే, ఎందుకమ్మా," అన్నాడు శాస్త్రి.

ఆమె లోపలికి వెళ్లి తన పని చూసుకుంది. శాస్త్రి చాలాసేపు తలుపు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆమె రెండోసారి అడగలేదు.