గవర్రాజు కథల గానుగ

అనంతపద్మనాభంగారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. చెప్పడం చేతకాక కాదు. విన్న జవాబును శిష్యుడు ఇంటికి చేరేలోగా మరిచిపోతాడనీ, పడ్డ అవస్థ మాత్రం చచ్చేదాకా గుర్తుంటుందనీ ఆయన నమ్మకం. అందుకని ఆయన్ను ప్రశ్న అడిగేముందు శిష్యులు కాస్త వెనకా ముందూ చూసుకునేవారు. గవర్రాజు చూసుకోలేదు. ఆ రోజు అతని పరిస్థితి అలా ఉంది.

"గురువుగారూ, కథ రావడం లేదు. కలం పడితే నిద్రొస్తోంది. పోనీ నిద్రపోదామంటే కథ రాలేదన్న బెంగతో అదీ రావడం లేదు. ఏం చేయమంటారు?"

గవర్రాజు వారపత్రికకి కథలు రాసేవాడు. రాసేది ఊళ్ళోవాడే గనక ఊరంతా చదివేది, చదివినవాళ్ళంతా వంకలు పెట్టేవాళ్ళు. అలాంటిది ఎండలు ముదిరినప్పటి నుంచి ఒక్క కథా లేదు. అది చాలదన్నట్టు, "ఈ ఆదివారంలోగా కథ పంపకపోతే సోమవారం నుంచి మీ కొట్లో కూర్చుంటాను" అని అత్తవారింట్లో భోజనాల దగ్గర నోరు జారాడు. బావమరిది వీరభద్రానిది ఇనుప సామాన్ల కొట్టు. అతను ఆ మాట పట్టుకుని, బావ కూర్చోబోయే కుర్చీకి అప్పుడే కొత్త దిండు కూడా కుట్టించాడు. మేకులమ్మడం తక్కువ పనేం కాదు. కానీ గవర్రాజుకి కథలు తప్ప ఇంకో బతుకు తెలీదు. ఆ దిండు సంగతి వినగానే అతని గుండెల్లో రాయి పడింది.

గురువుగారు కండువా భుజాన వేసుకుని "పద" అన్నారు. తీసుకెళ్ళింది గానుగ దగ్గరికి. అక్కడ జనం నువ్వుల డబ్బాలు ముందు పెట్టుకుని వంతు కోసం కూర్చుని ఉన్నారు. గవర్రాజును ఒక బల్ల మీద కూర్చోబెట్టి, అందరికీ వినబడేలా చెప్పారు. "మావాడు కథల గానుగ పెట్టాడు. సరుకు మీరు పొయ్యండి. ఆడించి ఇస్తాడు."

గవర్రాజు సిగ్గుతో చచ్చిపోయాడు. జనానికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ అతను రాసింది చదివి వంకలు పెట్టడమే గానీ, ఇది రాయమని చెప్పే వీలు లేదాయె. రిటైరైన కానిస్టేబులు ముందుకొచ్చి, తను పట్టుకున్న దొంగ తాలూకు చెప్పులు తనకి అచ్చంగా సరిపోయాయనీ, దాని మీద రాయమనీ అన్నాడు. హెడ్మాస్టరుగారు "సత్యం మీద రాయవయ్యా" అన్నారు. "అందులో మట్టి ఉందండీ, జల్లించుకు రండి" అని గురువుగారే తిప్పి పంపేశారు. తర్వాత కోటమ్మ అనే ఆవిడ వంతు.

"మా ఆడపడుచుని చూసుకోడానికొచ్చిన పెళ్ళికొడుకు మా గేదెకి భయపడి గడ్డివాము ఎక్కేశాడు బాబూ. దిగనంటే దిగనన్నాడు. ఆ సంబంధం అక్కడితో సరి," అంది. గేదె రంకె, గడ్డివాము ఎత్తు, పక్కన నిలబడి చూసిన అత్తగారు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

చాలా రోజుల తర్వాత గవర్రాజు నవ్వాడు. "బాగుందమ్మా. ఇంటికెళ్ళి రాసి తెస్తాను" అని లేవబోయాడు.

కానీ గానుగకి ఒక పద్ధతి ఉంది. నువ్వులు పోసినవాళ్ళు నూనె చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలరు.

"ఇంటికి పట్టుకెళ్తావా! మా నువ్వులు మా ఎదుటే ఆడాలి. నువ్వెళ్ళి ఇంకెవరివో కలిపేస్తే?" అంటూ కోటమ్మ పీట జరుపుకుని ఎదురుగా కూర్చుంది.

రాయక తప్పలేదు. ఒక వాక్యం అయ్యేసరికి చదవమంది. "పెళ్ళికొడుకు ఆజానుబాహువు, అందగాడు..."

"ఆగాగు. అందం మేం పొయ్యలేదే! చీపురుపుల్లలా ఉండేవాడు."

"కథకి కాస్త ఉండాలమ్మా."

"కల్తీ!" అంది కోటమ్మ జనం వైపు తిరిగి. కేసు పెట్టొచ్చన్నాడు కానిస్టేబులు.

గవర్రాజు అందం కొట్టేశాడు. వెన్నెల పెట్టాడు. పెళ్ళిచూపులు జరిగింది మిట్టమధ్యాహ్నమట, వెన్నెలా కొట్టేశాడు. చిత్రమేమిటంటే, కొట్టేసేకొద్దీ కలం పరిగెత్తడం మొదలెట్టింది. పొద్దు వాలేసరికి కథ పూర్తయింది. చదివి వినిపిస్తే గానుగెద్దు తప్ప అందరూ నవ్వారు. హమ్మయ్య అనుకుని గవర్రాజు కాగితాలు మడిచాడు.

కోటమ్మ లేవలేదు. "తెలగపిండి ఏదీ?" అంది.

నూనె తీయగా మిగిలిన పిండి కూడా నువ్వులవాళ్ళకే చెందుతుంది. అది గవర్రాజుకీ తెలుసు. కానీ కథకి పిండేమిటో తెలీలేదు.

"మా అత్తగారేరీ? కథలో ఎక్కడా లేదు."

"ఆవిడ ఊరికే నిలబడి చూసిందన్నారు కదమ్మా. ఇమడక తీసేశాను."

"తీసేస్తే మాకిచ్చెయ్యాలి గదయ్యా. ఊరికే నిలబడిందా ఆవిడ? గేదె పలుపు విప్పింది ఆవిడే!"

కోటమ్మ గొంతు తగ్గించింది.

"ఈ సంబంధం వద్దని పిల్ల ముందురోజంతా ఏడ్చింది. మావగారు వినలేదు. ఆయన ముందు అత్తగారు ఏనాడూ నోరెత్తి ఎరగదు. ఆవేళా ఎత్తలేదు. దొడ్లోకెళ్ళి పలుపు విప్పి, వచ్చి నా పక్కన నిలబడింది."

"మొదటే చెప్పారు కాదేమమ్మా?"

"నవ్వుకునే కథే కదా, గేదె చాలనుకున్నాను. నువ్వు ఆవిణ్ణి అవతల పారేస్తే మనసొప్పలేదు."

గవర్రాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మనిషిని ఎంత తేలిగ్గా కొట్టేశానా అని సిగ్గేసింది. మడిచిన కాగితాలు పక్కన పెట్టి, అక్కడే కూర్చుని, మొదట్నుంచీ మళ్ళీ రాశాడు. ఈసారి కోటమ్మ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

కథ గడువులోపే చేరింది, అచ్చయింది. వీరభద్రం కొత్త దిండు మీద వీరభద్రమే కూర్చున్నాడు. గవర్రాజు మాత్రం మొహం వేలాడేసుకుని గురువుగారి దగ్గరికొచ్చాడు.

"అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, నాకు చిన్నతనంగా ఉంది గురువుగారూ. ఊళ్ళోవాళ్ళని అడిగి రాస్తే ఇందులో నా గొప్పేముంది? మీరున్నారు. ఎవర్నీ ఏమీ అడగరు. ఇన్నేళ్ళుగా రోజుకో కొత్త సంగతి చెబుతూనే ఉన్నారు."

గురువుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"మరి శిష్యుల్ని ఎందుకు పెట్టుకున్నాననుకున్నావురా?" అన్నారు.