ఇంటికొక తమలపాకు

అనగా అనగా, మన అవ్వలకు వాళ్ళ అవ్వలు కథలు చెప్పే కాలంలో, ఏటి ఒడ్డున ఆకులపాడు అనే ఊరు ఉండేది. ఊరి చుట్టూ తమలపాకు తోటలే. సాయంత్రం గాలి వీచిందంటే పొరుగూరికి కూడా ఆకు ఘాటు తగిలేదట. ఇప్పుడా తోటలూ లేవు, ఆ ఘాటూ లేదు. తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తమలపాకు తీగ మహా సుకుమారి. నాలుగు రోజులు నీళ్ళు తప్పితే తలవాల్చేస్తుంది. అందుకని ఏటా ఉగాది నాడు ఊరివాళ్ళు ఒక కాలువ పెద్దను ఎన్నుకునేవారు. ఏ తోటకు ఎప్పుడు నీరు వదలాలో ఆయన మాటే మాట. పోటీకి నిలిచినవాళ్ళు పళ్ళేలు ముందు పెట్టుకుని వరుసగా కూర్చునేవారు. ఊళ్ళోవాళ్ళు ఇంటికొక ఆకు తెచ్చి, నచ్చినవారి పళ్ళెంలో పెట్టేవారు. ఎవరికి ఎక్కువ ఆకులొస్తే వారే పెద్ద. పిల్లలకు ఆ రోజు బెల్లం ముక్కలు, పెద్దవాళ్ళకు కబుర్లు. ఎంత సందడో!

కాలువ చిట్టచివర, దిగువన, నాంచారమ్మ తోట ఉండేది. అది ఆమె అత్తగారు నాటిన తోట. "కోడలా, ఇక ఈ తీగలకు తల్లివి నువ్వే" అని చెప్పి ఆవిడ కన్నుమూసింది. నాంచారమ్మకు పిల్లలు లేరు, వేరే ఆస్తీ లేదు. ఆ తోటే ఆమె లోకం.

ఒక ఏడు ఎగువ తోటల చలమయ్య పోటీకి దిగాడు. దిగువ నుంచి కామన్న, సిద్ధమ్మ నిలబడ్డారు. ఇద్దరూ మంచివాళ్ళే. ఊళ్ళో దిగువ ఇళ్ళే ఎక్కువ. కానీ వాళ్ళ ఆకులు సగం అటూ సగం ఇటూ పోయి, చలమయ్య గెలిచాడు. ఎగువ తోటలు నీళ్ళలో ఈదాయి. నాంచారమ్మ తోట సగం ఎండింది.

రెండో ఏడు కామన్న పోటీ మానుకుని, సిద్ధమ్మ ఒక్కతే నిలబడింది. చలమయ్య తక్కువవాడా? దిగువలోనే ఉన్న వీరన్న ఇంటికి వెళ్ళి, "నీలాంటివాడు ఊరుకుంటే ఎలా మామా?" అని ఉబ్బేశాడు. వీరన్న మీసం మెలేసి పోటీకి కూర్చున్నాడు. ఆకులు మళ్ళీ చీలాయి, చలమయ్యే మళ్ళీ గెలిచాడు. నాంచారమ్మ తోటలో ఇక ఒక మూల తీగలు మాత్రం మిగిలాయి. ఈసారీ నీళ్ళు రాకపోతే అవీ పోతాయి.

మూడో ఏడు కామన్న, సిద్ధమ్మ, వీరన్న ముగ్గురూ కూర్చున్నారు. నువ్వు లే అంటే నువ్వు లే అని వాదన. "మన ఆకు ఎలాగూ దండగే. చలమయ్యకే పెట్టి మంచి చేసుకుందాం" అని కొందరు గుసగుసలాడారు.

నాంచారమ్మ ఆకు పట్టుకుని పళ్ళేల ముందు నిలబడిపోయింది.

"అయ్యలారా, నాకు సిద్ధమ్మ కావాలి. ఆమె కాకపోతే కామన్న కావాలి. ఆ మాట చెప్పే దారేది?"

చలమయ్య పకపకా నవ్వాడు. "ఇంటికి ఒకే ఆకు, పిచ్చిదానా!"

"ఒకటే చాలు బాబూ. అందరికంటే తక్కువ ఆకులొచ్చినవారు లేచి పక్కకు తప్పుకోవాలి. వారికి పెట్టినవాళ్ళు తమ ఆకు తీసుకుని, తమకు నచ్చిన రెండోవారికి పెట్టుకోవాలి. ఊరి ఆకుల్లో సగానికి పైగా ఒక్కరి పళ్ళెంలో చేరేదాకా ఇలాగే సాగాలి."

ఊరి పెద్ద రామజోగి గడ్డం నిమురుకున్నాడు. "ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. కానివ్వండి" అన్నాడు.

ముందు చలమయ్య పళ్ళెంలోనే ఎక్కువ ఆకులు పడ్డాయి. వీరన్న పళ్ళెంలో అందరికంటే తక్కువ. అతను సణుక్కుంటూ లేచాడు. అతని ఆకుల్లో చాలామటుకు కామన్నకు చేరాయి. తర్వాత లేవాల్సిన వంతు సిద్ధమ్మదే అయింది. నాంచారమ్మ ఆ పళ్ళెంలో పెట్టిన తన ఆకు తీయడానికి వెనకాడింది.

"తీసుకో అక్కా, కామన్నకు పెట్టు. నా ఆకూ అక్కడికే" అంది సిద్ధమ్మ నవ్వుతూ.

కామన్న పళ్ళెంలో సగానికి పైగా ఆకులు చేరాయి. దిగువవాళ్ళు ఈలలు వేశారు. "ఇక ఎగువకు చుక్క నీరు వదలొద్దు!" అని కేకలు పెట్టారు.

ఎండిన తీగలు గుర్తొచ్చి నాంచారమ్మకూ కసి పుట్టింది. మరుక్షణమే తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఊళ్ళో మూడోవంతు ఆకులు చలమయ్యవి. ఆ ఇళ్ళవాళ్ళకూ తీగలున్నాయి. ఒక్క పెద్ద కాదు, ముగ్గురుండాలి. ఎవరికెన్ని ఆకులో వారికంత చోటు. దిగువకు ఇద్దరు, ఎగువకు ఒకరు."

చలమయ్య ముఖం పాలిపోయింది. "అక్కా, నీ తోట ఎండబెట్టినవాణ్ణి. నాకు చోటిస్తావా?"

"నీకు కాదయ్యా. నీకు ఆకు పెట్టినవాళ్ళకు."

ఊరంతా సరేనంది. ఆ సాయంత్రం కామన్న, సిద్ధమ్మ, చలమయ్య ముగ్గురూ కలిసి తూము ఎత్తారు. ఎగువ తోటలన్నీ తడుపుకుంటూ నీరు చివరి తోటకు చేరింది. నాంచారమ్మ ఆ బురదలోనే చతికిలబడి, మిగిలిన తీగలను నిమురుతూ చిన్నపిల్లలా ఏడ్చింది.

కాబట్టి పిల్లలూ, ఎన్నుకునేవారి రెండో మాట కూడా వినే ఊళ్ళో, ఓడినవారికీ తగినంత చోటిచ్చే ఊళ్ళో, చివరి తోటకు కూడా నీరందుతుంది.