సర్వభంజని పొడి, పాములవాడి పంగలకర్ర

చిత్రగిరి రాజు వీరభూపాలుడికి మశూచి వచ్చి తగ్గింది. మొహం మీద మచ్చలూ, బుర్రలో ఒక ప్రశ్నా మిగిలాయి. నిండు సభలో ఆ ప్రశ్న బయటపెట్టాడు.

"ఒకసారి సోకినవాడికి మశూచి మళ్ళీ రాదంటారు. అంటే నా రక్తంలో ఎవడో కావలి కాస్తున్నాడన్నమాట. వాడెలా ఉంటాడు? ఏం చేస్తాడు? సరిగ్గా చెప్పినవాడికి నా చేతి కంకణం ఇస్తాను."

ఆస్థాన వైద్యుడు శంభుదీక్షితులు లేచాడు. ముందు శాలువా లేచింది, తరవాత బొజ్జ లేచింది, ఆఖరికి మనిషి లేచాడు. నాడి చూడటం రాకపోయినా బిరుదులు మాత్రం పదకొండు. అవి చదవడానికి వెంట ఒక మనిషి.

"ప్రభూ, ఆ కావలివాడు మహామల్లుడు! చేతిలో ఇనుపగద. ఎదురైనవాణ్ణల్లా మోదడమే వాడి పని. నేను నూరిన సర్వభంజని పొడి చిటికెడు మింగితే అలాంటి మల్లులు కోటిమంది పుడతారు. ఇక ఏ రోగమూ మీ గడప తొక్కదు. ముహూర్తం కూడా ఇవాళే!"

సభంతా చప్పట్లు. అర్థం కాని మాటకు చప్పట్లు కొట్టడంలో ఆ సభను మించింది లేదు.

రాజు పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ సింగన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. రాజుగారికి ఆకులు చుట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. నిన్న ఆ పొడి కాస్త నేల మీద ఒలికితే రాణిగారి నెమలి పొడుచుకు తిని, సాయంత్రానికి కాళ్ళు చాపేసింది. 'దాని ఆయువు తీరింది' అని దీక్షితులు చేతులు దులుపుకున్నాడు. రాణి సింగన్నను పిలిచి, "ఎలాగైనా ఆ పొడి రాజుగారి నోట్లో పడకుండా చూడు నాయనా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సింగన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఆ కావలివాడు మల్లుడు కాదు. పాములవాడి పంగలకర్ర."

"ఛీ ఛీ!" అన్నాడు దీక్షితులు. "రాజరక్తంలో పాములవాడి కర్రా? ఆకులు చుట్టేవాడికి వైద్యమెందుకురా?"

"చెప్పనివ్వండి" అన్నాడు రాజు.

"పామును నేలకు అదిమిపట్టే పంగలకర్రకు పైన రెండు కొమ్ములు, కింద ఒక కాడ. ఆ కొమ్ముల కొసలు ఒకే ఒక్క శత్రువు కొలతకు చెక్కి ఉంటాయి ప్రభూ. మశూచికి చెక్కింది మశూచినే పడుతుంది. జలుబు జోలికి పోదు, మన ఒంటిని ముట్టుకోదు. పట్టుకుని కదలనివ్వదు, అంతే. చంపే పని తనది కాదు. కాడ కనబడగానే రక్తంలోని భటులు పరిగెత్తుకొచ్చి, అది పట్టుకుని, శత్రువును అమాంతం మింగేస్తారు."

"మరి మొదటిసారే ఎందుకు పట్టలేదు?"

"కొలత తెలియాలి కదా! చెక్కేసరికి రోజులు పట్టింది, ఈలోగా తమకు మచ్చలు పడ్డాయి. ఇప్పుడు కొలత లోపల భద్రంగా ఉంది. మళ్ళీ వచ్చిందా, గంపలకొద్దీ కర్రలు తయారు."

ఈ కాలం డాక్టర్లు దీన్నే యాంటీబాడీ అంటున్నారు. రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. దానికీ రెండు చేతులు, ఒక కాడ. సింగన్నకు ఎలా తెలిసిందని నన్నడక్కండి. పదకొండు బిరుదులవాడికి ఎందుకు తెలియలేదో అడగండి.

అయితే రాజులకు పెద్దవే నచ్చుతాయి. వీరభూపాలుడు మీసం దువ్వి, "నా అంతటివాడికి కర్రేమిటి, మల్లుడే తగును. పొడి తెండి" అన్నాడు.

పొడి భరిణె దీక్షితుల పల్లకీలో ఉంది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే మైల అంటాడాయన. అందుకని తానే ఊపుకుంటూ బయటికి వెళ్ళాడు.

సింగన్న రాజు చెవి దగ్గర వంగాడు. "మింగేముందు ఆ కావలివాణ్ణి ఒక్క క్షణం మన ద్వారం దగ్గర పెట్టి చూద్దాం ప్రభూ."

రాజుకు సరదా వేసి తల ఊపాడు. సింగన్న వెళ్ళి కోట మల్లుడు భీమినాయుడి చేతికి గద ఇచ్చాడు. "వచ్చినవాణ్ణి మోదు. ఎవరని అడక్కు" అని గట్టిగా అని, "తలపాగా వరకే సుమా" అని మెల్లిగా చేర్చాడు.

దీక్షితులు గడపలో కాలు పెట్టాడో లేదో, గద గిర్రున తిరిగింది. తలపాగా ఎగిరి మంత్రిగారి ఒళ్ళో పడింది.

"ఓరి మూర్ఖుడా! నేనురా, ఆస్థాన వైద్యుణ్ణి!"

"అయ్యన్నీ నాకు తెల్దండి. వచ్చినోణ్ణి మోదమన్నారు" అంటూ భీమినాయుడు మళ్ళీ గద ఎత్తాడు.

దీక్షితులు స్తంభం చాటుకు దూరి గావుకేకలు పెట్టాడు. "ప్రభూ, వీణ్ణి ఆపండి! మనవాడెవడో పగవాడెవడో చూడకుండా మోదేవాడు కావలివాడా? ఇలాంటివాణ్ణి లోపల పెట్టుకుంటే వేరే శత్రువెందుకు? వీడే ఇంటివాళ్ళను చంపుతాడు!"

సింగన్న రాజు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

"విన్నారా ప్రభూ! ఆ పొడి గుణం వైద్యులవారే సెలవిచ్చారు. అలాంటివాళ్ళు కోటిమంది ఆ భరిణెలో ఉన్నారట!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు గనక సభ కూడా నవ్వింది. కంకణం తీసి స్వయంగా సింగన్న చేతికి తొడిగాడు. పొడిని గొయ్యి తీసి పూడ్చమన్నాడు. దీక్షితుల్ని మాత్రం భీమినాయుడు నిలబడ్డ ద్వారం గుండానే ఇంటికి పొమ్మన్నాడు.