మొదటి పేజీలో ఖాళీ గడి

పానకాలు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కళ్ళజోడు తీస్తారు, చొక్కా అంచుతో తుడుస్తారు, మళ్ళీ పెట్టుకుంటారు, "చూద్దాం" అంటారు. ఆ చూడటం ఒక పూట కావచ్చు, ఒక నెల కావచ్చు. అడిగినవాళ్ళు తమ ప్రశ్న తామే మరిచిపోయాక ఏదో ఒక పని అప్పజెబుతారు. ఆ పని చేస్తూ ఉండగా జవాబు దానంతటదే తగులుతుంది. గుంటూరులో మా ఆసుపత్రి కంప్యూటర్ల విభాగానికి ఆయన ఇరవై రెండేళ్ళుగా పెద్ద. ఆయన కింద పని నేర్చుకున్నవాళ్ళందరూ ఈ పద్ధతిని లోపల తిట్టుకుంటూనే నేర్చుకున్నారు. నేను ఆ విభాగం మనిషిని కాను. కింది అంతస్తులో రోగుల కాగితాల గది నాది. మనిద్దరి ఉద్యోగం ఒకటేనయ్యా అని ఆయన నాతో అంటుంటారు. నేను కాగితాలు దాస్తాను, ఆయన కంప్యూటర్లలో ఉన్నదానికి నకళ్ళు తీసి దాస్తారు. ఆ మాట నన్ను గౌరవించడానికి అంటారని తెలుసు. తెలిసినా ప్రతిసారీ సంతోషమే.

ఇది ఆయన శిష్యురాలు రుక్సానా అడిగిన ప్రశ్న సంగతి. రుక్సానాకు ముప్పై ఏళ్ళు లేవు. చురుకైన పిల్ల, చేతిలో పని పడితే అయ్యేదాకా కుర్చీ దిగదు. మా ఆసుపత్రిలో పన్నెండు సర్వర్లున్నాయి. రక్తపరీక్షలకొకటి, స్కాన్లకొకటి, మందులకొకటి, ఇలా. పగలంతా వాటిలో చేరినదాన్ని రోజూ రాత్రి టేపుల మీదికి ఎక్కిస్తారు. రేపు ఏ సర్వర్ చెడిపోయినా టేపు నుంచి మళ్ళీ దించుకోవచ్చు. దీన్నే వాళ్ళు బ్యాకప్ అంటారు. స్కాన్లు పెరిగిపోయి ఆ నకలు పని తెల్లారినా తెమలడం లేదు. పొద్దున ఓపీ మొదలయ్యే వేళకు కంప్యూటర్లన్నీ నత్తనడక నడిచేవి. పని త్వరగా ముగిసే ఉపాయం చూడమని, రాబోయే ఐదేళ్ళకు ఏమేం కావాలో లెక్క కట్టి ఒక ప్రణాళిక రాయమని డైరెక్టరు గారు రుక్సానాకు అప్పగించారు.

ఆమె వారం రోజులు టేపు గది వదలలేదు. రోగం ఎక్కడుందో కనిపెట్టింది. కొత్త టేపు డ్రైవులు, అంటే టేపులు తిప్పే యంత్రాలు, మంచి జోరు మీద నడిచేవి. ఒక్కో సర్వర్ మాత్రం సమాచారాన్ని నిదానంగా అందిస్తుంది. చేతికి అందేది లేక టేపు ఆగుతుంది, కొంచెం వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ బయలుదేరుతుంది. రాత్రిలో సగం ఈ ఆగడాలకూ తిరగడాలకూ పోతోంది. రుక్సానా పన్నెండు సర్వర్ల నుంచీ ఒకేసారి తీసుకుని, వరస కట్టి, ఇందులోంచి ఒక ముక్క, అందులోంచి ఒక ముక్క చొప్పున టేపు మీదికి పంపింది. టేపు ఇక ఆగలేదు. పది గంటల పని నాలుగున్నర గంటలకు వచ్చింది. డైరెక్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. క్యాంటీన్‌లో ఆ వారమంతా ఇదే కబురు. నిజం చెప్పాలంటే అది మెచ్చుకోవలసిన పనే. నేనూ మెచ్చుకున్నాను.

ఆ ఊపులోనే ప్రణాళిక కూడా రాసింది. నలభై పేజీలు. మొదటి పేజీలో ఆసుపత్రివాళ్ళ ఫారం ఉంటుంది, అందులో ఒక గడి: 'ఈ వ్యవస్థ సామర్థ్యాన్ని దేనితో కొలుస్తున్నారు?' రుక్సానా అక్కడ పెన్సిలుతో 'గంటకు ఎన్ని టెరాబైట్లు ఎక్కించగలమో దానితో' అని రాసి, ఎందుకో తృప్తి కలగక చెరిపేసింది. కాగితాలు పట్టుకుని పానకాలు గారి దగ్గరికి వెళ్ళి, మన బ్యాకప్ బాగుందని దేన్ని బట్టి చెప్పాలి సార్ అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. తరువాత ఒక్క మాట అన్నారు.

"ఎక్కించడం చూశాం కదమ్మా. ఒకసారి దించి కూడా చూద్దామా?"

గురువారం ఈ ప్రణాళిక మీద కమిటీ ఉంది సార్, అది అయ్యాక చూద్దాం అంది రుక్సానా. ఆయన సరేనన్నారు. ప్రణాళిక తిరగేసి ముప్పై ఒకటో పేజీ దగ్గర కాసేపు ఆగారు. టేపు గది మూలన పాతికేళ్ళ నాటి ఫ్యానులా గరగరలాడే పాత టేపు డ్రైవు ఒకటి ఉంది. దాని ఎదురుగా రుక్సానా 'వాడకం సున్నా, తొలగించవచ్చు' అని రాసింది. ఆయన చిన్నగా నవ్వి, ఆ ముసలిదాన్ని కూడా గురువారం దాకా ఉండనియ్యి అన్నారు. ఆమె దానికి పెద్ద అర్థం వెతకలేదు. పెద్దవాళ్ళకు పాత సామాను మీద మమకారం ఉంటుందిలే అనుకుందట.

కమిటీకి ముందు రోజు, బుధవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి రేడియేషన్ విభాగం సర్వర్ చెడిపోయింది. కేన్సర్ రోగులకు కిరణాలు ఎక్కడ పడాలో, ఎంత పడాలో, ఏ కోణం నుంచి పడాలో ఒక్కొక్కరికీ వేసిన పథకం అందులోనే ఉంటుంది. పథకం లేనిదే మిషన్ కదలదు. కదలకూడదు కూడా. బయట హాల్లో ఇరవై ఆరు మంది కూర్చుని ఉన్నారు. మొదలుపెట్టిన వైద్యాన్ని మధ్యలో తెంపకూడదు, ఒక్క రోజు పోయినా దాన్ని మళ్ళీ పూడ్చుకోవాలి అని అక్కడి పెద్ద డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు. ఆవిడ గొంతు పెంచలేదు, అందుకే ఎక్కువ భయం వేసిందని రుక్సానా నాతో చెప్పింది.

రుక్సానా పరుగున వెళ్ళి రాత్రి టేపులు పెట్టి దించడం మొదలుపెట్టింది. తెర మీద అంచనా వచ్చింది: తొమ్మిది గంటల పది నిమిషాలు. ఆమె నమ్మలేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. అదే అంకె. అప్పుడు తను చేసిన పని తనకే అర్థమైంది. మా కాగితాల గది భాషలో చెప్పాలంటే, పన్నెండు మంది రోగుల కేసు షీట్లను మనిషికొక కాగితం చొప్పున వరసగా పేర్చి ఒకే కట్టగా కుట్టేసినట్టు. కుట్టడం చాలా తేలిక. ఒక్కరి షీట్లు కావాలంటే మాత్రం మొత్తం కట్ట తిరగెయ్యాలి. రాత్రి రెండు డ్రైవులు కలిసి ఎక్కించిన పన్నెండింటి టేపులూ ఇప్పుడు ఒక్క సర్వర్ కోసం ఒకదాని తరువాత ఒకటిగా, మొదటి నుంచి చివరిదాకా చదవాలి. తొమ్మిది గంటలంటే సాయంత్రం ఆరున్నర, ఆపైన సరిచూసుకునే వేళ. ఆ రోజు ఎవరికీ వైద్యం లేనట్టే.

పానకాలు గారు వచ్చారు. తెర చూశారు. దాన్ని ఆపకు, నడవనియ్యి, దానితోనూ పనుంది అన్నారు. ఇనుప బీరువా తాళం తీసి, రెండో అరలోంచి ఒక టేపు తెచ్చి ఆ మూలన ఉన్న ముసలి డ్రైవులో పెట్టారు. టేపు మీద ఆయన గుండ్రటి చేతిరాత: రేడియేషన్, మంగళవారం, మధ్యాహ్నం. రోజూ ఒంటిగంటకు, రేడియేషన్ వాళ్ళు భోజనానికి లేచిన గంటలో, ఆయన ఆ ఒక్క సర్వర్‌ను మాత్రం విడిగా, ఒంటరిగా, నిదానంగా ఆ పాత డ్రైవు మీదికి ఎక్కించుకుంటున్నారు. ఎన్నాళ్ళ నుంచో. రుక్సానా లెక్కలు తీసిన సాఫ్ట్‌వేర్ రాత్రి పనినే కొలిచింది కాబట్టి దానికి ఆ డ్రైవు వాడకం సున్నాగా కనిపించింది. ఆ మాట ఆయన ఇప్పుడూ ఎత్తలేదు. పక్కన ఎప్పుడూ ఖాళీగా ఉంచే సర్వర్ మీదికి దించడం మొదలుపెట్టారు. తెర మీద యాభై నిమిషాలు అని పడింది.

రుక్సానా అక్కడే నిలబడి తెరను చూస్తూ ఉండబోయింది. నువ్వు చూస్తే అదేం తొందరపడదు, నాతో రా అని ఆయన ఆమెను రేడియేషన్ హాలుకు తీసుకెళ్ళారు. ఐదేళ్ళుగా ఆ సర్వర్‌ను సాకుతున్న పిల్ల ఆ హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఒక బెంచీ మీద ఖాళీ చూపించి కూర్చోమన్నారు. ఆయన ఎదురు గోడ దగ్గర నిలబడ్డారు.

రుక్సానా పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. పేరు నరసమ్మ. ఫిరంగిపురం అవతల పల్లె. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. గొంతులో కేన్సర్. ముప్పై మూడు సిట్టింగుల్లో పదహారు అయ్యాయి. కిరణాలు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి సరిపడా తన కోసమే చేసిన మాస్కు లోపల అరలో ఉందని, దాని మీద తన పేరు రాశారని గొప్పగా చెప్పింది. గొంతు బొంగురుపోయింది, అయినా మాట ఆపదు. రుక్సానా మెడలో ఆసుపత్రి కార్డు చూసి, లోపల ఏం చెడిపోయిందని అడగలేదు. ఎవరి తప్పని అడగలేదు. ఒకటే అడిగింది.

"ఎంత సేపు పట్టిద్దమ్మా? ఒంటిగంటన్నర బస్సు దొరికిద్దా?"

రుక్సానా ఒక్క క్షణం పానకాలు గారి వైపు చూసింది. ఆయన కిటికీ లోంచి బయటికి చూస్తున్నారు. ఇంకో గంటంబావులో మొదలవుద్దమ్మా, బస్సు దొరుకుతుంది అని రుక్సానా చెప్పింది. ఆ గంటంబావు తన లెక్క కాదని, తను వేసిన లెక్క ప్రకారం జవాబు చెప్పాల్సి వస్తే ఈవిడ ముఖంలోకి చూసి సాయంత్రం దాటుతుందని చెప్పవలసి వచ్చేదని ఆమెకు ఆ బెంచీ మీదే గుచ్చుకుంది. నాకు ఈ ముక్క చెబుతున్నప్పుడు కూడా కళ్ళు తుడుచుకుంది.

పది నలభైకి సర్వర్ లేచింది. మంగళవారం మధ్యాహ్నం తరువాతి సంగతులు అందులో లేవు. ఆ సాయంత్రం ఎవరెవరికి సిట్టింగు అయిందో సంతకాలతో ఉన్న షీట్లు నా గదిలోనే ఉన్నాయి. సర్వర్ పోయిన కబురు విని, పానకాలు గారి ఫోను రాకముందే కట్ట విప్పి పెట్టుకున్నాను, పైకి తీసుకెళ్ళాను, డాక్టరు గారి మనుషులు ఒక్కొక్కటీ సరిచూసి ఎక్కించుకున్నారు. ఆ సాయంత్రమే కొత్తగా వేసిన రెండు పథకాలు మాత్రం రుక్సానా టేపుల నుంచే రావాలి. అవి వచ్చేవారం మొదలయ్యేవి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పదకొండున్నరకు మొదటి మనిషిని లోపలికి పిలిచారు. నరసమ్మ వంతు అయ్యేసరికి పన్నెండూ నలభై. వెళుతూ వెళుతూ రుక్సానా చెయ్యి పట్టుకుని నొక్కి బస్టాండుకు పోయింది.

మధ్యాహ్నం టీ వేళకు నేను పై అంతస్తులోనే ఉన్నాను. రుక్సానాకు దుఃఖం తగ్గి కోపం వచ్చింది. ఇంత తెలిసినవారు ముందే చెప్పొచ్చుగా సార్, నన్ను ఇంతదాకా ఎందుకు రానిచ్చారు అని నిలదీసింది. శిష్యురాలు గురువును అలా అడగడం నాకు నచ్చింది, అడగకపోతేనే అనుమానించాలి. ఆయన నొచ్చుకోలేదు. చెప్పానమ్మా, గురువారం అయ్యాక అన్నావు, గట్టిగా పట్టుబట్టకపోవడం నా తప్పే అని ఒప్పుకున్నారు. ఆ తరువాత, "ఈ ఒక్కదాన్ని దాచాను కాబట్టి గట్టెక్కాం. మిగతా పదకొండింటికి నా దగ్గర బీరువా లేదు" అన్నారు. కోపమంతా ఆ మాటతో దిగిపోయింది.

ఆమె ప్రణాళిక ముందేసుకుని కూర్చుంది. రేడియేషన్, రక్తనిధి, ఐసీయూ దేనికదే విడి టేపు. మిగతావి ఒక్కో టేపు మీద నాలుగుకు మించకుండా కలపాలి. పని ఆరు గంటలు పడుతుంది, పట్టనీ, ఓపీ మొదలయ్యేలోపు ముగుస్తుంది. ఒక డ్రైవు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, దించుకునే అవసరం చెప్పి రాదు కాబట్టి. నెలకొకసారి ఏదో ఒక సర్వర్‌ను నిజంగా దించి గడియారం చూడాలి. ముప్పై ఒకటో పేజీలో 'తొలగించవచ్చు' అన్నది కొట్టేసింది. వేగం తగ్గిందని రేపు కమిటీలో అడిగితే ఏం చెప్పాలో తనకు తెలుసునని నాతో అంది. నిన్నటి మెప్పు రేపు పోవచ్చని తెలిసి కూడా ఆ పిల్ల కలం ఎక్కడా తడబడలేదు. గురువును చూసి ఎంత ముచ్చటపడ్డానో, ఆ సాయంత్రం ఆమెను చూసీ అంతే ముచ్చటపడ్డాను.

అన్నీ అయ్యాక మొదటి పేజీకి వచ్చింది. గడి ఇంకా ఖాళీగానే ఉంది. పెన్సిలు చెరిపిన మరక మాత్రం మిగిలింది. కాగితం ఆయన ముందు పెట్టి, ఇక్కడ ఏం రాయాలో మీరింకా చెప్పలేదు సార్ అంది. పానకాలు గారు కళ్ళజోడు తీశారు, చొక్కా అంచుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఈసారి చూద్దాం అనలేదు.

"పొద్దున బెంచీ మీద ఆవిడ నిన్నేం అడిగింది?"

రుక్సానా చెప్పబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు కాదమ్మా. అక్కడ రాయి."